చేపల వేట సామాన్లకు మీకెంత ఖర్చయితుంది? పాలమూరు, నల్లగొండ దిక్కోళ్లు చెప్పండి

పాలమూరు గాలం | మహబూబ్‌నగర్

అందరికీ నమస్తే. మా చిన్నాయన కొడుక్కి ఈమధ్య గాలం మీద మోజు పడ్డది. పదివేలు పక్కన పెట్టుకొని "ఏమేం కొనాలె అన్నా" అని రోజూ అడుగుతున్నడు. ఆన్‌లైన్ల చూస్తే రాడ్ ఎనిమిది వందలకూ ఉన్నది, ఇరవై వేలకూ ఉన్నది. వాని కన్ను ఇరవై వేలదాని మీదనే ఉన్నది.

ముందు నా లెక్క చెప్త. నేను కోయిల్‌సాగర్, సరళాసాగర్ దిక్కు పోత. ఏడడుగుల స్పిన్నింగ్ రాడ్ 1,800. షిమానో రీల్ 2,600. బ్రెయిడ్ దారం (పోగులు అల్లిన గట్టి దారం) 900. గాలాలు, స్వివెల్లు, సీసం గుండ్లు, బెండ్లు కలిపి 600. మడత కుర్చీ, తలలైటు, పట్టకారు, చేప నోరు పట్టే గ్రిప్ ఇంకో 1,500. ఇదంత ఒక్కసారి పెట్టేది. తెగిపోయే దారం, రాళ్లల్ల ఇరికే గాలాలు, పిండి, పెట్రోలు మాత్రం పోయినప్పుడల్లా పెట్టేవే. ఏడాదికి చూసుకుంటే ఈ రెండో లెక్కనే పెద్దగైతది.

ఇంకో మాట. సరదాకు పట్టెటోళ్లే కాదు, చేపల మీదనే బతికెటోళ్లు కూడ ఇక్కడ రాయాలె. మొన్న కట్ట కింద ఒక పెద్దమనిషి వల ఆరేసుకుంట "దీని మీది బాకీ ఇంక తీరలే" అన్నడు. రాడ్ల ధరలు యూట్యూబ్ నిండ ఉన్నయి. ఆయన లెక్క మాత్రం యాడ దొరకదు.

పానగల్ కప్ప | నల్లగొండ

ఏ చేప పడతడో ముందు తేల్చుకొమ్మను, తర్వాత కొనమను. రవ్వ, బొచ్చ, బంగారుతీగ అయితే పిండి గాలం. కొర్రమీను అయితే రబ్బరు కప్ప. రెండిటికీ ఒకటే రాడ్ కొంటే రెండూ సక్కగ కావు.

నేను చిన్న చెరువులల్ల కొర్రమీను కోసమే పోత. తామర, గుర్రపుడెక్క కమ్ముకున్న కాడ మామూలు గాలం వేస్తే ఆకుకు తట్టుకొని ఆగిపోతది. రబ్బరు కప్పకు రెండు గాలాలు వీపు మీద ఒంటికి ఆనుకొని ఉంటయి, అందుకే ఆకుల మీంచి జారుకుంట వస్తది. కొర్రమీను నోట పట్టినప్పుడు రబ్బరు నొక్కుకుపోయి గాలాలు బయటికి లేస్తయి. నీళ్లు పగిలిన చప్పుడు కాంగనే గుంజొద్దు. దారం బిగిసినట్టు చేతికి తెలిసినంక అప్పుడు ఒక్క దెబ్బ గట్టిగ కొట్టాలె. కొట్టినంక దాన్ని ఆకుల కిందికి దూరనియ్యొద్దు, దూరిందంటే అయిపోయినట్టే. అందుకే గట్టి రాడ్, 40 పౌండ్ల గుంజుడుకు తగ్గకుండ ఆగే బ్రెయిడ్ కావాలె. పైసలు పెట్టేదుంటే ఈ రెండిటి మీదనే పెట్టాలె.

కప్పల మాటకొస్తే, 250ది వాడిన, 900ది వాడిన. తేడా అంత గాలాల పదునులనే ఉన్నది. 250ది తెచ్చి ఆకురాయి పెట్టి సానబట్టుకుంటే పనయితది.

ఒక్కటి మాత్రం తమ్మునికి తప్పకుండ చెప్పు. వానలు పడ్డంక నీళ్ల మీద ఎర్రగ కొర్రమీను పిల్లల గుంపు కదులుతుంటది. దాని కిందనే తల్లో తండ్రో కాపలా ఉంటది. అటు ఏది విసిరినా మీద పడి కరుస్తది, పట్టుడు చాల అలక. కాని అది పోతే ఆ పిల్లలన్నీ పక్క చేపల పాలైతయి. మన రాష్ట్ర చేప అది, 2016ల ప్రకటించిన్రు. ఆ గుంపు కనబడితే దారం చుట్టుకొని ఇంకో దిక్కు పోవాలె.

కొత్త సభ్యుడు 41 | అచ్చంపేట

అన్నా, చేపలకు కాకుండ కుందేళ్లకు, కౌజు పిట్టలకు వలలు యాడ దొరుకుతయి? ఎంత పడతది?

నిర్వాహకుడు

తమ్ముడూ, ఆ చర్చ ఇక్కడ ఉండదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తుపాకీతో కొట్టడమే కాదు, వల పెట్టడం, ఉచ్చు పెట్టడం, అందుకు ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి, నేరమే. కుందేలైనా అంతే. మీరుండే అచ్చంపేట పక్కనే అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది, అక్కడ శిక్ష ఇంకా పెద్దది. అడవి పందులకని పొలం చుట్టూ కరెంటు తీగ పెడితే పొద్దున్నే నీళ్లు కట్టడానికి పోయిన రైతు దాని మీద పడి చనిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. పంట నష్టం జరుగుతుంటే అటవీ శాఖ వాళ్లకు దరఖాస్తు పెట్టండి.

చెరువులో చేపలకు కూడా ఇదే మాట. తోటాలు పేల్చడం, నీళ్లలో మందు కలపడం 1897 నాటి చేపల చట్టం నుంచే నిషేధం. వాటి గురించి ఎవరు రాసినా తీసేస్తాను.

సాగర్ వెనుకనీళ్లు | దేవరకొండ

పాలమూరన్నా, నువ్వు అడిగిన లెక్క నేను చెప్త. మా నాయన, నేను, మా తమ్ముడు, ముగ్గురం నాగార్జున సాగర్ వెనుకనీళ్లల్లనే వేట. నేరేడుగొమ్ము, చందంపేట దిక్కు.

తంగూసు వల బట్ట కిలో లెక్కన తూస్తరు. మేము కడపట తెచ్చినప్పుడు కిలో 600 దాటింది. చాలామంది అదే వల ధర అనుకుంటరు. బట్ట ఒక్కటే నీళ్లల్ల నిలబడదు కద. పైన తాడు, ఆ తాడుకు బెండ్లు. కింద తాడు, దానికి బరువులు. ఆ తాళ్లకు బట్టను మూరమూరకు ముడేసి కట్టాలె. ఇంటిల్లిపాది కూసుంటే రోజులు పడతది, కూలికి ఇస్తే ఆ కూలి వేరే. బొచ్చకు ఒక సైజు వల కన్ను, రవ్వకు ఒక కన్ను, చిన్న చేపకు ఇంకో కన్ను. ఒక్క వలతోని ఏ ఇల్లూ గడవది. మాకు పుట్టి (గుండ్రటి బుట్ట పడవ), వలలు, ఐసు పెట్టె అన్నీ కలిపి లక్షకు దగ్గరకొచ్చింది.

ఇగ అది ఎన్నాళ్లు ఉంటదంటే, మంచిగుంటే ఒక సీజను, కాపాడుకుంటే రెండు. సాగర్ నిండుమట్టం 590 అడుగులు. నీళ్లు దిగుడు మొదలైతే కింద మునిగిన చెట్ల మొద్దులు, పాత కట్టడాల రాళ్లు వలకు తగులుతయి. తట్టుకుంటే సగం అక్కడనే ఇడిసిపెట్టి వచ్చుడే. నీటికుక్కలు వలల పడ్డ చేపను తింటందుకు బట్టను చీరుస్తయి. తాబేలు పడితే దాన్ని తీసేటందుకు మనమే కోసుకోవాలె. ఇంటికి తెస్తే ఎలుకలు. ఎండల ఆరేస్తే తంగూసు పెళుసైతది, చేత్తో గుంజితే పుటుక్కున తెగుతది, అందుకే నీడకే ఆరబెడతం. మా అమ్మ రోజూ పొద్దుగూకినంక చిరిగిన కన్ను చుట్టు పోగులు కత్తిరించి, వెదురు సూదికి దారం చుట్టుకొని కొత్త కండ్లు అల్లుతది. వేలుతోనే కొలత, సూడకుండనే అల్లుతది. ఆమె కూలి ఏ లెక్కలా రాదు.

అసలు సంగతి ఇంకోటి ఉన్నది. ఈ సామానుకు ముందు పైసలు పెట్టేది చేపల షావుకారి. వడ్డీ అడగడు. కాని చేప ఆయనకే పొయ్యాలె, ధర ఆయనే చెప్పాలె. బయట బొచ్చ 150 ఉన్నదనుకో, బాకీ ఉన్నోనికి 100 కడతడు. రోజుకు 20 కిలోలు పోస్తే వెయ్యి రూపాయలు అక్కడనే పోయినయ్. వేట బాగ నడిచిన నెల చూస్తే 30 వేలు ధరలనే కట్టినట్టు. తెచ్చిన బాకీ 30 వేలు అట్లనే నిలబడి ఉంటది. మల్ల వల చిరుగుతది, మల్ల ఆయన కాడికే పోతం.

అందుకే వల ఎంతకు కొన్నవని నన్ను అడిగితే, దుకాణం ధర నేను చెప్పను. ఎవని పైసలతోని కొన్నవని అడగాలె.

పాలమూరు గాలం | మహబూబ్‌నగర్

అన్నా, నేను అడిగింది ఇదే. మీ మత్స్యకారుల సంఘంల అప్పు దొరకదా?

సాగర్ వెనుకనీళ్లు | దేవరకొండ

సంఘం చెరువు మీద ఉన్నోళ్లకు కొంత నయం, చెరువు పట్టినప్పుడు పంచుకుంటరు. పెద్ద నీళ్ల మీద ఎవని వేట వానిదే. మా కాడ ఆడోళ్ల పొదుపు సంఘంల తీసిన అప్పుతోనే మొన్న ఒక వల సొంతంగ తెచ్చినం. ఆ వలల పడ్డ చేప మేమే వైజాగ్ కాలనీ కాడికి తీస్కపోయి అమ్ముకున్నం. అక్కడ చేపలు తినేటందుకు ఆదివారం హైదరాబాద్ కార్లు లైను కడతయి, ధర దొరుకుతది.

నకిరేకల్ నుంచి డాలస్

సాగర్ అన్న రాసింది చదివాక నేను ఇక్కడ చూసింది రాయాలనిపించింది. మాది నకిరేకల్, పదేళ్లు దాటింది టెక్సాస్ వచ్చి. ఇక్కడ వేట చట్టబద్ధం, సీజను, లైసెన్సు, ఎన్ని కొట్టొచ్చో లెక్క, అన్నీ ఉంటాయి. మా ఆఫీసులో ఒకాయన ఏటా జింకల సీజనుకు పోతాడు. రైఫిల్ 700 డాలర్లు, దాని మీది దుర్భిణి 400, బూట్లు, చలి బట్టలు, చెట్టుకు కట్టుకునే మంచె, మాంసానికి పెద్ద ఫ్రీజరు. వీటన్నిటికంటే పెద్ద ఖర్చు జాగాది. టెక్సాస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటు వాళ్లదే, కాబట్టి సీజనుకింత అని ఆ భూమి యజమానికి కౌలు కట్టాలి. రాష్ట్రవాసులకు వేట లైసెన్సు మాత్రం 25 డాలర్లే. నేను తీసుకునే మంచినీటి చేపల లైసెన్సు 30.

దేశం మొత్తం మీద 2022లో 1.44 కోట్ల మంది వేటకు పోయి 4,500 కోట్ల డాలర్ల పైన ఖర్చు పెట్టారని వాళ్ల ప్రభుత్వ సర్వే.

నాకు నచ్చిన విషయం ఏంటంటే, ఆ ఖర్చులో కొంత అడవికే తిరిగి పోతుంది. 1937లో పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం తెచ్చారు. రైఫిళ్లు, తూటాలు, విల్లుల మీద తయారీదారు కట్టే 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకే వెళ్లాలి, వేరే పనికి మళ్లించడానికి లేదు. 1950లో చేపల సామాన్లకు కూడా అలాంటి చట్టమే వచ్చింది, దాని మీద 10 శాతం. బాతుల వేటకు పోయేవాళ్లు 25 డాలర్ల స్టాంపు కొనాలి, 1934 నుంచి ఉంది అది, ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొని కాపాడతారు. మనం రీలు కొన్నప్పుడు కట్టే పన్నులో కొంత మన చెరువులకు పోతే ఎంత బాగుండు అనిపిస్తుంది.

సోమశిల అక్క | కొల్లాపూర్

డాలస్ తమ్మీ, పైసలు చెరువుకు రావాలె, నిజమే. మన సర్కారు కూడ 2016 నుంచి చేపపిల్లలను ఉచితంగ వదులుతుంది. వదిలినయి పెరగనిస్తే కద.

మాది సోమశిల దిక్కు, శ్రీశైలం వెనుకనీళ్లు. మా ఇంటాయన పడతడు, నేను అమ్ముత. అలివి వల గురించి ఇక్కడ ఎవరూ రాయలే, నేను రాస్త. దాని కన్ను దోమతెర లెక్క ఉంటది. పొడుగు చూస్తే ఈ ఒడ్డు నుంచి కనుచూపు మేర. గుంపు కూలోళ్లను పెట్టి రెండు దిక్కులా గుంజుతరు. వేలంత పిల్ల కూడ తప్పించుకోదు. అట్ల పట్టిన సన్న పిల్లలను ఒడ్డు మీదనే ఎండబెట్టి బస్తాలకెత్తి పంపుతరు. నిలబడనిస్తే ఒక్కొక్కటి రెండు కిలోలు, మూడు కిలోలయ్యే బొచ్చ పిల్లలు ఎండుచేపల లెక్కన పోతున్నయి.

అలివి వల లక్షల సామాను. మాసొంటోళ్లు కొనేది కాదు. పైసలున్నోడు ఎక్కన్నో కూసుండి వల కొనిస్తడు, కూలోళ్లను పంపుతడు. అధికార్లు వచ్చి పట్టుకుంటరు, కాలబెడతరు. నెల తిరక్కముందే కొత్తది దిగుతది. మా వల అప్పు మేము తీర్చాలంటే పెద్ద చేప పడాలె, పెద్ద చేప ఉండాలంటే అలివి పోవాలె. సాగర్ తమ్ముడు చెప్పిన షావుకారి బాకీ, మా అలివి బాధ, రెండూ ఒక్కటే. సామానుకు పైసలు పెట్టినోడే నీళ్లను ఏలుతుండు.

అమ్మే సామాను ఖర్చు కూడ రాయుండ్రి, అది మా ఆడోళ్లది. ఐసు పెట్టె, కాంటా, కత్తిపీట, టబ్బులు, టార్పాలిను. ఐసు రోజూ కొనాలె. ఎండకాలం ఐసు తక్కువైతే మధ్యాహ్నానికి చేప కన్ను తెల్లబడతది, ఇగ బేరగాడు చెప్పిందే ధర.

బ్యాంకు మిర్యాలగూడ

సాగర్ వెనుకనీళ్లు గారు, సోమశిల అక్క గారు, ఇది మీకు పనికొస్తుంది. కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుంచి మత్స్యకారులకు కూడా ఇస్తున్నారు. రోజువారీ పెట్టుబడికి రెండు లక్షల దాకా వడ్డీ 7 శాతం, గడువులోపు కట్టేస్తే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. చేప పట్టే లైసెన్సు, సంఘం సభ్యత్వం, ఆధార్, వల గానీ పుట్టి గానీ మీదే అని చూపించే కాగితం తీసుకొని మీకు ఖాతా ఉన్న శాఖకే పొండి. వల తెచ్చినప్పుడు బిల్లు అడిగి తీసుకోండి. చాలామంది దగ్గర లైసెన్సు ఉంటుంది, బిల్లు ఉండదు, అక్కడే ఆగిపోతుంది.

సాగర్ వెనుకనీళ్లు | దేవరకొండ

సార్, మాకు ఒక బ్యాంకుల ఈ కార్డు పొలం ఉన్నోళ్లకే అని తిప్పి పంపిన్రు.

బ్యాంకు మిర్యాలగూడ

అలా అంటే దరఖాస్తు రాసిచ్చి రసీదు అడగండి. నోటిమాటగా వద్దన్నది కాగితం మీద వద్దనడం కష్టం. జిల్లా మత్స్యశాఖ అధికారి సంతకంతో సంఘం తరఫున అందరి దరఖాస్తులు ఒకేసారి పెడితే ఇంకా మంచిది. ఒక్కొక్కరు పోయినప్పటి కంటే తొందరగా కదులుతుంది.

జూరాల పుట్టి | ఆత్మకూరు

అందరూ వలలు, రాడ్లు రాసిన్రు. పుట్టి గురించి నేను రాస్త.

మా కాడ మేదరోళ్లు వెదురు దబ్బలతోని అల్లి ఇస్తరు. అల్లినంక మీద ప్లాస్టిక్ పట్ట బిగించి, తారు మరగబెట్టి పాత గుడ్డతోని పూస్తరు. తారు సలసల కాగుతున్నప్పుడే పూయాలె, సల్లారితే అట్టలు కడతది, నాలుగు రోజులకే పెచ్చులూడి నీళ్లు ఎక్కుతయి. పోయినసారి నాకు అంతా కలిపి 14 వేలు పడ్డది. ఏటా తారు మల్ల పూయాలె. ఫైబరు పుట్టి అయితే దీనికి రెండింతలు, కాని ఏళ్లు నిలుస్తది. చేతిల ఉంటే ఫైబరే తీసుకోమంట. అప్పు చేసైతే వద్దంట.

లైఫ్ జాకెట్ ఒక్కరు రాయలే. వెయ్యి, పన్నెండు వందలల్ల మంచిది వస్తది. ఏడువేల సామాను కొన్న పాలమూరన్న లెక్కల కూడ అది లేదు. ఈత వచ్చినోడే మునుగుతుండు, ఎందుకంటే కాళ్లకు వల చుట్టుకున్నంక ఈత పనికిరాదు. ఎగువ నుంచి వరద వస్తే జూరాల గేట్లు లేపుతరు, అప్పటిదాక మోకాల్లోతు ఉన్న కాడ చూస్తుండంగనే మనిషి లోతు వస్తది. డ్యాం కింద రాళ్ల మీద కూసోని గాలం వేసే పిల్లలను చూస్తే నాకు పానం ఆగదు. సైరను ఇనబడ్డంక సామాను సర్దుకునుడు కాదు, సామాను ఆడనే ఇడిసి లేసి రావాలె.

సంఘం సభ్యులు ఇంకొకటి చూసుకోండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉన్నది. 18 నుంచి 70 ఏళ్ల లోపు వాళ్లకు. మనం కట్టేది ఏమీ లేదు, ప్రీమియం సర్కారే కడతది. ప్రాణం పోతే 5 లక్షలు, దవాఖాన ఖర్చుకు 25 వేల దాక. పేరు ఎక్కిందా లేదా అని సంఘం అధ్యక్షుణ్ని అడిగి చూసుకోవాలె. మా సంఘంల అడిగితే సగం మంది పేర్లు లేవు, మొన్ననే ఎక్కించినం.

పానగల్ కప్ప | నల్లగొండ

జూరాలన్న మాటకు దండం. నేను కూడ ఒకటి చెప్త, గాలమోళ్లకు. తెగిన దారం చెరువుల ఇడిసిపెట్టి రావొద్దు. బ్రెయిడ్ కుళ్లదు. పోయిన నెల ఒక కొంగ కాలికి చుట్టుకొని కాలు కోసుకపోయింది, ఇద్దరం పట్టుకొని కత్తెరతోని తీసినం. ఇంకొకటి, చెరువు సంఘంది. పొయ్యేముందు సంఘపోళ్లను అడగాలె, రోజుకింత అని అడిగితే కట్టాలె. మనం సరదాకు పట్టేది వాళ్లు పెంచుకున్న చేప.

పాలమూరు గాలం | మహబూబ్‌నగర్

మా తమ్ముని కూసోబెట్టి మీరు రాసిందంత సదివించిన. వాని పదివేల లెక్క ఇట్ల తేలింది: లైఫ్ జాకెట్ 1,200, గట్టి రాడ్ 2,500, రీలు 2,500, బ్రెయిడ్ 1,000, నాలుగు లోకల్ కప్పలు 1,000, పట్టకారు, ఆకురాయి 500. మిగిలింది సంఘం రుసుముకు, పెట్రోలుకు. ఇరవై వేల రాడ్ మాట ఇడిసిపెట్టిండు.

జూరాలన్నా, లైఫ్ జాకెట్లు ఒక్కొక్కటి కొంటే వెయ్యి దాటుతుంది కద, పది, ఇరవై ఒక్కసారి తెస్తే తగ్గుతదా? మా దిక్కు కట్ట మీదికి వచ్చేటోళ్లకు కూడ చెప్త.

జూరాల పుట్టి | ఆత్మకూరు

తగ్గుతది. మేము సంఘానికి ఇరవై తెచ్చినప్పుడు ఒక్కొక్కటి 850కి ఇచ్చిండు. బరువు చూసి సైజు చెప్పాలె, తొంభై కిలోల మనిషికి చిన్నది తొడిగితే తల పైకి నిలువది. ఎవరికి కావాలో వాళ్ల బరువు, ఛాతి కొలత ఇక్కడనే రాయండి, ఆదివారం దాక చూసి ఆర్డరు పెడత.

సోమశిల అక్క | కొల్లాపూర్

మాకు రెండు. ఆయన 65 కిలోలు, ఛాతి 38. మా పెద్దోడు 50 కిలోలు, ఛాతి 34.

సాగర్ వెనుకనీళ్లు | దేవరకొండ

మాకు మూడు. కొలతలు రేపు పొద్దున రాస్త, నాయన ఇంక నీళ్ల మీదనే ఉన్నడు. బ్యాంకు సార్, మా సంఘపోళ్లు పదకొండు మంది దరఖాస్తుకు సరే అన్నరు. వల బిల్లు పాతది పోయింది, దుకాణపోడు మల్ల రాసిస్తే నడుస్తదా?

బ్యాంకు మిర్యాలగూడ

నడుస్తుంది. దుకాణం ముద్ర, తేదీ, మీ పేరు ఉండాలి.